ఉక్కు నగరంలో ఇటలీ రొయ్యలు

అరగంటలో తయారయ్యే ఈ రాత్రి భోజనానికి ఓపిక కన్నా తొందరే ముఖ్యం. ఆంధ్ర చెరువులకు ఇప్పుడు కావలసిందీ ఇలాంటి వంటిళ్లే

జంషెడ్‌పూర్‌ను ఒరుసుకుంటూ పారే సువర్ణరేఖ చివరికి ఒడిశాలోని బాలాసోర్ జిల్లాలో బంగాళాఖాతాన్ని చేరుతుంది. నది సముద్రానికి వెళ్తుంది గానీ సముద్రం మాత్రం ఇటు రాదు. రావాలంటే అది థర్మోకోల్ పెట్టెలో, ఐసు ముక్కల మధ్య, లారీ ఎక్కి రావాలి. ఉదయాన్నే సాక్చీ మార్కెట్‌లో ఆ పెట్టెల మూతలు తీసేటప్పుడు సరుకు ఎక్కడిదని అడిగి చూడండి. ఎక్కువసార్లు వినిపించేది ఒకే మాట: 'ఆంధ్రా'. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన బొచ్చె, శీలావతి చేపలు బెంగాల్, జార్ఖండ్, బీహార్‌ల వంటిళ్లకు ఏళ్ల తరబడి ఇలాగే వస్తున్నాయి. వాటి పక్కనే, చిన్న కుప్పగా, కాస్త మొహమాటంగా, రొయ్యలు.

చేపలకు ఉన్న గిరాకీ రొయ్యలకు లేదు. బెంగాలీ కుటుంబాలు కొబ్బరి పాలతో మలాయ్ కర్రీ చేసుకోవడానికి పండగకో, అల్లుడు వచ్చినప్పుడో కొంటాయి. తెలుగువాళ్లు ఆదివారం ఇగురు కోసం కొంటారు. మిగతా ఆరు రోజులూ రొయ్యల కుప్ప వంక చూసేవాళ్లు తక్కువ. ధర ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, అది తీరిక ఉన్నప్పుడు మాత్రమే చేసుకునే వంట అన్న అభిప్రాయం.

ఈ అభిప్రాయాన్ని పరీక్షించడానికి అగ్రికో కన్నా మంచి చోటు దొరకదు. పారలు, గునపాలు తయారుచేసే టాటా వారి బ్రాండు పేరునే మోస్తున్న కాలనీ ఇది. ఇక్కడ రోజు గడియారాన్ని బట్టి కాకుండా షిఫ్టును బట్టి నడుస్తుంది. రాత్రి పది దాటాక ఇల్లు చేరే మనిషికి ఉల్లిపాయలు ఎర్రగా వేగేదాకా, మసాలా నూనె తేలేదాకా ఎదురుచూసే ఓపిక ఉండదు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఉక్కు కర్మాగారం పనికోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాల మూడో తరం, నాలుగో తరం వాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు నిలువెత్తు గుర్తు. వాళ్ల వంటిళ్లలో ఆవాల నూనె, చింతపండు పక్కపక్కనే ఉంటాయి. కొత్తదాన్ని చేర్చుకోవడం ఈ వంటిళ్లకు కొత్త కాదు.

అందుకే ఈ వారం రొయ్యలూ, వెల్లుల్లీ, టమోటాతో ఇటలీ పద్ధతి స్పగెట్టి. స్టవ్ వెలిగించినప్పటి నుంచి కంచంలో పెట్టేదాకా అరగంట.

ముగ్గురు పరదేశులు

ఈ వంటను పరాయిదని పక్కన పెట్టేముందు అందులోని సరుకులు ఎక్కడివో చూడాలి. టమోటా, మిరపకాయ రెండూ అమెరికా ఖండంలో పుట్టినవే. కొలంబస్ ప్రయాణం తర్వాత అవి ఐరోపాకు చేరాయి. మిరపను మన దేశానికి తెచ్చింది పోర్చుగీసు వాళ్లు. అంటే నేపుల్స్ వంటమనిషీ, గుంటూరు వంటమనిషీ ఒకే గింజకు వారసులు. ఇద్దరిలో ఎవరూ దాన్ని ఇప్పుడు పరాయిదని ఒప్పుకోరు.

మూడో పరదేశి రొయ్య. ఒకప్పుడు ఆంధ్ర కోస్తాలో రాజ్యమేలింది టైగర్ రొయ్య. తొంభయ్యో దశకం మధ్యలో తెల్లమచ్చ వైరస్ దాని నడ్డి విరిచింది. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల చెరువులపై సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మరో దెబ్బ. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వెనామీ రకం పెంపకానికి అనుమతి దొరికింది. వెనామీ సొంతూరు లాటిన్ అమెరికా పసిఫిక్ తీరం. ఇప్పుడు భీమవరం నుంచి నెల్లూరు దాకా చెరువుల్లో ఎక్కువగా పెరిగేది ఇదే. అమెరికా ఖండం నుంచి వచ్చిన రొయ్యను ఆంధ్రలో పెంచి, ఒలిచి, గడ్డకట్టించి మళ్లీ అమెరికాకే అమ్ముతున్నాం.

ఇక స్పగెట్టి. మంచి పాస్తాను డ్యూరమ్ అనే గట్టి గోధుమ రవ్వతో చేస్తారు. ఆ గోధుమ మధ్యప్రదేశ్‌లోని మాళవ ప్రాంతంలో బాగా పండుతుంది. ప్యాకెట్ వెనుక 'డ్యూరమ్' అన్న మాట ఉందో లేదో చూసి కొంటే చాలు. మైదాతో చేసిందైతే గిన్నెలోనే జావైపోతుంది. ఈ జాబితాలో విదేశం నుంచి దిగుమతి కావలసింది ఆలివ్ నూనె ఒక్కటే. అదీ చివర్లో ఒక చెంచా చాలు, వేయించడానికి వేరుశనగ నూనె సరిపోతుంది. జంషెడ్‌పూర్ ఇళ్లలో సిద్ధంగా ఉండే ఆవాల నూనె మాత్రం ఇక్కడ వద్దు. దాని ఘాటు రొయ్య తియ్యదనాన్ని మింగేస్తుంది.

గడియారం పెట్టుకుని

మన ఇగురుకూ ఇటలీ వంటకూ తేడా మసాలాలో కన్నా సమయంలోనే ఎక్కువ. మన పద్ధతిలో రొయ్య మసాలాలో ఊరి, ఉడికి, దగ్గరపడాలి. ఇటలీ తీరప్రాంత వంటలో రొయ్య వేడి తగిలీ తగలగానే దిగిపోవాలి. మధ్యస్థంగా ఉన్న రొయ్యకు ఒక్కో పక్క ఒక నిమిషం, మహా అయితే నిమిషంన్నర. అది దాటితే లోపలి నీరంతా పిండేసినట్టు బయటికి వచ్చి, రబ్బరు ముక్క మిగులుతుంది. గుర్తు తేలిక: రొయ్య కొడవలిలా వంగితే ఉడికినట్టు, సున్నాలా చుట్టుకుపోతే ఎక్కువ ఉడికినట్టు.

వంట సగం గెలిచేది పొట్టు దగ్గర. మనం పారేసే తలలూ పొట్టుల్లోనే సముద్రపు రుచి ఉంది. వాటిని రెండు చెంచాల నూనెలో నాలుగైదు నిమిషాలు ఎర్రబడేదాకా వేయించి, రెండు గ్లాసుల నీళ్లు పోసి పది నిమిషాలు మరిగించి వడకట్టాలి. నారింజ రంగులో వచ్చే ఆ రసమే ఈ వంటకు ప్రాణం. ఇది మరుగుతుండగానే పక్క స్టవ్ మీద పెద్ద గిన్నెలో నాలుగు లీటర్ల నీళ్లు పెట్టేయండి. మరిగాక రెండున్నర పెద్ద చెంచాల ఉప్పు. కంగారు పడొద్దు, అందులో అధికభాగం నీళ్లతోపాటే పోతుంది. నీళ్లలో ఉప్పు లేకపోతే పాస్తా చప్పగా ఉంటుంది, పైన ఎంత చల్లినా ఆ లోటు తీరదు.

స్పగెట్టిని విరవకుండా నిలువుగా వేయాలి. అడుగు మెత్తబడగానే మిగతాది తనంతట తానే మునుగుతుంది. ప్యాకెట్ మీద పది నిమిషాలని రాసి ఉంటే ఎనిమిది నిమిషాలకే తీయాలి. మిగతా రెండు నిమిషాలు అది రొయ్యల రసంలో ఉడకాలి.

పాస్తా ఉడుకుతుండగా వెడల్పాటి బాణలిలో మూడు చెంచాల నూనె పోసి, నూనె చల్లగా ఉన్నప్పుడే సన్నగా తరిగిన వెల్లుల్లి వేసి, సన్నటి సెగ మీద పెట్టాలి. తిరగమోతకు అలవాటైన చేతికి ఇది కష్టమైన పరీక్ష. వెల్లుల్లి లేత బంగారు రంగు దాటితే చేదెక్కుతుంది. తుంచిన ఎండుమిర్చి వేసి, సెగ పెంచి, తడి తుడిచిన రొయ్యలను ఒకే వరసలో పరవాలి. రెండు పక్కలా రంగు తిరగగానే తీసి పక్కన పెట్టేయాలి. అదే బాణలిలో తరిగిన టమోటాలు, చిటికెడు ఉప్పు. అవి మెత్తబడ్డాక వడకట్టిన రసం పోసి సగమయ్యేదాకా మరగనివ్వాలి. అందులోకి స్పగెట్టి, దాంతోపాటు అది ఉడికిన నీళ్లు ఒక గరిటెడు. ఈ నీళ్లను పారబోయడమే చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. అందులోని గంజే నూనెనూ రసాన్నీ కలిపి పాస్తాకు పట్టిస్తుంది. రెండు నిమిషాలు ఎగరేస్తూ కలిపి, రొయ్యలు తిరిగి వేసి, వెంటనే స్టవ్ ఆపేయాలి. అరచెక్క నిమ్మరసం, కొత్తిమీర, ఒక చెంచా ఆలివ్ నూనె. ఇటలీలో అయితే పార్స్‌లీ ఆకు వేస్తారు, కొత్తిమీర వేస్తే రుచి మారుతుంది గానీ చెడదు.

చీజ్ తురుమకండి. సముద్రపు వంటల మీద చీజ్ వేయడాన్ని ఇటలీ వాళ్లు సాధారణంగా ఒప్పుకోరు. చీజ్ కిందపడితే రొయ్య రుచి పైకి రాదన్నది వాళ్ల వాదన. రొయ్య పడనివాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం వాళ్లకు ఒక్క ముక్క కూడా పెట్టొద్దు. ఆ ఎలర్జీ తేలిగ్గా తీసుకోవలసింది కాదు.

మా వీధిలోనే ఉండే ఒక పిన్నిగారికి ఈ వంట చూపించినప్పుడు ఆమె మొదటి ప్రశ్న, "ఏటి బాబూ, పసుపెయ్యకుండా రొయ్యలు దించెస్తావేటి?" తాతగారి కాలంలో టెక్కలి వైపు నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగించే సంభాషణలు ఆ ఇంట్లో మామూలే. ఆమె అభ్యంతరంలో అర్థముంది. నీచు వాసన పోగొట్టడానికి మనం పసుపు, ఉప్పు పట్టించి కడుగుతాం. కడగడానికి వాడండి, తప్పులేదు. వంటలో మాత్రం వద్దు. అసలు రొయ్య తాజాగా ఉంటే దాచవలసిన వాసనే ఉండదు. కంచం ఖాళీ చేశాక ఆమె ఇచ్చిన తీర్పు: "బాగుంది గాని, పక్కన కాసింత అన్నం ఉంటే ఇంకా బాగుణ్ణు." ఆ రసం అన్నంలోకి నిజంగానే బాగుంటుంది. దాంతో కలుపుకు తిన్నందుకు ఇటలీ రాయబారి కార్యాలయం నుంచి నిరసన లేఖ ఏమీ రాదు.

బజారులో ఏం చూడాలి

సాక్చీలోనో బిష్టుపూర్‌లోనో బెంగాలీ దుకాణదారు 'బాగ్దా' అంటే అది టైగర్, 'గల్దా' అంటే మన నీలకంఠ రొయ్య. నీలకంఠను వ్యాపారులు స్కాంపీ అంటారు. ఇటలీ వాళ్ల స్కాంపి వేరే జీవి. ఈ వంటకు వెనామీ చాలు. ఆంధ్రలో చెరువు గట్టు మీద రొయ్యల పరిమాణాన్ని 'కౌంట్'లో చెబుతారు. కిలోకు ఎన్ని తూగితే అంత కౌంట్. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది. స్పగెట్టిలోకి 40 కౌంట్ సరిగ్గా సరిపోతుంది. వంద కౌంట్ అయితే పొట్టు తీసేసరికి ఓపికా, రొయ్యా రెండూ కరిగిపోతాయి.

తల గట్టిగా అంటుకుని ఉండాలి. వేలితో నొక్కితే ఒళ్లు గట్టిగా తగలాలి. ఘాటైన అమ్మోనియా వాసన వస్తే కదలండి. మరో సలహా చాలామందికి నచ్చకపోవచ్చు: సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో 'తాజా' కన్నా గడ్డకట్టించిన రొయ్యే తరచూ తాజాది. చెరువులోంచి తీసిన కొన్ని గంటల్లోనే ఫ్యాక్టరీలో గడ్డకట్టినది ఒక పక్క, రెండు రోజులు లారీలో కరిగే ఐసులో నానినది మరో పక్క. ఎన్నుకోవడం కష్టమేమీ కాదు. అయితే ప్యాకెట్ మీద మంచు పూత పోగా నికర బరువెంతో చదవండి. నీళ్లకు రొయ్యల ధర ఎందుకు చెల్లించాలి? వాడే ముందు ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచండి, లేదా సంచితో సహా చన్నీళ్లలో ఇరవై నిమిషాలు ముంచండి. వేడినీళ్లు పోస్తే అక్కడే సగం ఉడికిపోతుంది.

భద్రత గురించి అనుమానాలు ఊరికే పుట్టినవి కావు. 2019 జనవరిలో ఫార్మాలిన్ ఆనవాళ్లున్నాయంటూ బీహార్ ప్రభుత్వం పాట్నాలో ఆంధ్ర చేపల అమ్మకాన్ని 15 రోజులు నిషేధించింది. ఆ దెబ్బకు రైతూ నష్టపోయాడు, వినియోగదారుడూ అయోమయంలో పడ్డాడు. ఐసు చాలినంత లేని చోటే రసాయనం ప్రవేశిస్తుంది. ఎగుమతి కంటెయినర్‌లో యాంటీబయాటిక్ ఆనవాళ్లు ఉన్నాయేమోనని పరీక్షించి, దొరికితే సరుకు తిప్పి పంపే దేశాలున్నాయి. మన బజారులోని కుప్పకు ఆ పట్టింపు కనబడదు. విదేశీ వినియోగదారుడికి ఒక నాణ్యత, స్వదేశీ వినియోగదారుడికి మరో నాణ్యత అన్న ఏర్పాటు ఆరోగ్య సమస్య మాత్రమే కాదు, పౌరసత్వ సమస్య కూడా.

వాషింగ్టన్ నుంచి భీమవరం దాకా

ఇంతకూ అగ్రికోలో ఒక కుటుంబం మంగళవారం రాత్రి రొయ్యలు వండుకుంటే ఎవరికేం ఒరుగుతుంది? లెక్కలు చూడండి. 2024-25లో భారత్ 16.98 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసి 62,408 కోట్ల రూపాయలు ఆర్జించింది. అందులో గడ్డకట్టించిన రొయ్యల వాటా 7.41 లక్షల టన్నులు, విలువ 43 వేల కోట్లకు పైనే. ఆ రొయ్యల్లో 3.11 లక్షల టన్నులు వెళ్లింది ఒకే దేశానికి, అమెరికాకు. రొయ్యల పెంపకంలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది.

ఒకే కొనుగోలుదారును నమ్ముకుంటే ఏమవుతుందో 2025 ఆగస్టులో తెలిసొచ్చింది. ట్రంప్ ప్రభుత్వం భారత సరుకులపై సుంకాన్ని ఆ నెలాఖరుకల్లా 50 శాతానికి పెంచింది. అప్పటికే ఉన్న యాంటీ డంపింగ్, కౌంటర్‌వైలింగ్ సుంకాలు కలిపితే రొయ్యలపై భారం 58 శాతం దాకా వెళ్లింది. పోటీదారు ఈక్వెడార్‌పై అప్పుడు వేసింది 15 శాతమే. ఆర్డర్లు ఆగాయి, చెరువు గట్టు ధరలు పడ్డాయి. రాష్ట్రానికి 25 వేల కోట్ల రూపాయల నష్టం వాటిల్లుతుందని అంచనా వేస్తూ 2025 సెప్టెంబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కేంద్రానికి లేఖలు రాశారు. దేశంలోనే వినియోగం పెంచాలన్న మాట అప్పుడు గట్టిగా వినిపించింది.

సుంకాలు పెరుగుతాయి, తగ్గుతాయి. ఒప్పందాలు కుదురుతాయి, చెదురుతాయి. కానీ ఎకరం చెరువుకు కౌలు కట్టి, పిల్లకూ మేతకూ కరెంటుకూ అప్పు చేసిన రైతు చేతిలో ఇవేవీ లేవు. నెలల తరబడి పెంచిన రొయ్య కౌంట్‌కు వచ్చాక ధర బాగా లేదని చెరువులో మరో ఆరు నెలలు దాచుకోలేడు. మేత ఖర్చు పెరుగుతుంది, వైరస్ భయం వెంటాడుతుంది. అమ్మాల్సిందే. ఆ రోజు కొనేవాడు ఒక్కడే అయితే ధర ఆ ఒక్కడిదే.

రెండో కొనుగోలుదారు ఎవరు? చైనా, ఐరోపా, జపాన్ అని వాణిజ్య శాఖ జాబితా చదువుతుంది. అందులో జంషెడ్‌పూర్, రాంచీ, రాయ్‌పూర్ పేర్లు ఎందుకుండవు? చేపలు తినని ప్రాంతాలేం కావివి. కోళ్ల పరిశ్రమ అనుభవం కళ్లముందే ఉంది. ఒకప్పుడు పండగ కూరగా ఉన్న కోడి రోజువారీ కూర అయింది, వీధి చివర దుకాణంలో ఎప్పుడంటే అప్పుడు దొరకడం వల్ల, అరగంటలో వండుకోగలగడం వల్ల. రొయ్యకు ఆ రెండూ ఇంకా సమకూరలేదు. నోటీసు బోర్డు ప్రచారాలు, 'రొయ్య తినండి' ఉత్సవాలు ఒక పూట జనాన్ని పోగుచేస్తాయి. మర్నాడు ఉదయం మార్కెట్‌లో మైనస్ 18 డిగ్రీల పెట్టె లేకపోతే ఆ జనం మళ్లీ శీలావతి దగ్గరికే వెళ్తారు.

ఈ గొలుసులో కనబడని మనిషి మరొకరున్నారు. 2024 మార్చిలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఆంధ్రలో రొయ్యలు ఒలిచే షెడ్లలో మహిళల పని పరిస్థితులపై కథనం ప్రచురించింది. పరిశ్రమ వర్గాలు ఆరోపణలను ఖండించాయి. అయితే చల్లటి ఐసులో గంటల తరబడి చేతులు పెట్టి ఒలిచేది ఎక్కువగా మహిళలేనన్నదాన్ని ఎవరూ ఖండించలేరు. ఇంట్లో ఒలిచేదీ ఎక్కువగా వాళ్లే. త్వరగా అయ్యే వంట అంటే ఇంటి ఆడవాళ్ల శ్రమ మరో చోట మరో ఆడమనిషి మీదికి మారడం మాత్రమే అయితే, అందులో పెద్ద ప్రగతి లేదు. స్వదేశీ మార్కెట్ పెరగాలని అడుగుతున్నప్పుడే ఆ షెడ్లలో కూలి, చేతి తొడుగులు, సెలవు గురించీ అడగాలి. ఇంటి మటుకు పరిష్కారం తేలిక. ముప్పై రొయ్యల నడ్డి మీది నల్లదారం తీయడానికి పది నిమిషాలు పడుతుంది, ఆ పనికి మగచేతులు పనికిరావని ఏ వంట పుస్తకమూ చెప్పలేదు.

ఒక కుటుంబం వండుకునే ముప్పావు కిలోతో 3.11 లక్షల టన్నుల లోటు తీరదు. కానీ మార్కెట్ అన్నది ముప్పావు కిలోల మొత్తమే. లోతట్టు ఊరి దుకాణదారు మంగళవారం కూడా రెండు పెట్టెలు తెప్పిస్తే నష్టం రాదని నమ్మిన రోజున, భీమవరం రైతుకు వాషింగ్టన్ కాకుండా మరో ఫోన్ నంబరు దొరికినట్టు. ఆ నమ్మకం కలిగించాల్సిన బాధ్యత సగం ప్రభుత్వానిది: చల్లని గొలుసు, పరీక్ష, లేబుల్. మిగతా సగం మన బాణలిది.

కావలసినవి (నలుగురికి)

తలలతో సహా రొయ్యలు ముప్పావు కిలో (40 కౌంట్, ఒలిచాక సుమారు 400 గ్రాములు), స్పగెట్టి 350 గ్రాములు, పండిన టమోటాలు నాలుగు, వెల్లుల్లి రెబ్బలు పది, ఎండుమిర్చి మూడు, వేరుశనగ నూనె ఐదు పెద్ద చెంచాలు, ఆలివ్ నూనె ఒక చెంచా, అరచెక్క నిమ్మకాయ, గుప్పెడు కొత్తిమీర, ఉప్పు.

క్రమం: పొట్టు రసం, పాస్తా నీళ్లు ఒకేసారి మొదలుపెట్టాలి. పాస్తా గిన్నెలో పడ్డాకే వెల్లుల్లి నూనెలో పడాలి. రొయ్యలు రెండుసార్లు బాణలిలోకి వెళ్లాలి, రెండుసార్లూ కొద్దిసేపే. వడ్డించడానికి అందరూ కూర్చున్నాకే స్టవ్ ఆపాలి. ఈ వంట మనుషుల కోసం ఆగదు, మనుషులే దానికోసం ఆగాలి.